గవరమ్మ వివక్షాంకం

కళింగతీర విశ్వవిద్యాలయంలో వివక్ష అనేది లేదని అందరికీ తెలుసు. లేనిది ఎవరిలో ఎంత ఉందో మాత్రం నిన్నమొన్నటిదాకా తెలియలేదు. ఆ కొరత తీరిన వైనం చెప్పాలంటే ముందు పతాకం సంగతి చెప్పాలి.

అన్ని జాతుల విద్యార్థులనూ ఒకే కంట చూసే విశ్వవిద్యాలయానికి ‘సమభావ పతాకం’ ఇస్తామని ఢిల్లీలో ఒక మండలి ప్రకటించింది. పొరుగు జిల్లా విశ్వవిద్యాలయం అప్పుడే దరఖాస్తు పెట్టేసిందని తెలిసి రిజిస్ట్రార్ చిదంబరేశ్వరరావుగారికి రెండు పూటలు అన్నం సయించలేదు. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన విద్యార్థులు మన దగ్గర నలభై ఒక్కమంది ఉన్నారు, వాళ్ళ దగ్గర పదిహేడుమందే. పతాకం అటు పోవడమేమిటని ఆయన బాధ.

వెంటనే హైదరాబాదు నుంచి ఒక మనోమాపన నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన ఏసీ హాల్లో మూడు గంటలపాటు తెరమీద బొమ్మలు చూపిస్తూ ఇంగ్లీషులో మాట్లాడాడు. సగంమంది నిద్రపోయారు. మిగతా సగంమంది సమోసాల కోసం మేలుకుని ఉన్నారు. రిజిస్ట్రారుగారి చెవిని మాత్రం ఒక్క ముక్క పడింది, వివక్ష మనిషిలో లోతుగా పాతుకుని ఉంటుందని. ఆ తర్వాత నిపుణుడు ‘అయితే’ అంటూ ఇంకేదో మొదలుపెట్టాడు గానీ అప్పటికి సమోసాలు వచ్చేశాయి.

వందన సమర్పణలో రిజిస్ట్రారుగారు విషయం తేల్చేశారు. “ఈ శాస్త్రం మన పెద్దలకు ఏనాడో తెలుసు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదన్నారు. పోనిదానిని పోగొట్టబూనుట వృథా ప్రయాస. దానిని కొలవవలెను, నమోదు చేయవలెను, అదుపులో ఉంచవలెను.”

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. వైస్ చాన్సలర్ మొదలుకొని మెస్సులో అన్నం వడ్డించేవాళ్ళ దాకా ఎనిమిదివందల పన్నెండుమందికీ కంప్యూటర్ మీద పరీక్ష పెడతారు. వచ్చిన అంకె పేరు వివక్షాంకం. అది మారేది కాదు కాబట్టి గుర్తింపు కార్డు మీద బ్లడ్ గ్రూపు పక్కన అచ్చువేసి లామినేషన్ చేస్తారు.

ఆ అన్నం వడ్డించేవాళ్ళలో ఒకరు గవరమ్మ. పెద్ద హాస్టల్ మెస్సులో పద్ధెనిమిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. ఇరవై ఏళ్ళు నిండితే పర్మనెంటు చేస్తారు. ఆ ఇరవై కోసమే ఆవిడ మోకాళ్ళ నొప్పుల్ని బతిమాలుకుంటూ గంజి వారుస్తోంది. మనిషి ఎదురైతే “ఏటి కూర?” అని అడక్కుండా వదలదు. వండింది తనే అయినా సరే, ఎదుటివాడి కంచంలో తను వేసిందే ఉన్నా సరే. ఆ ప్రాంతంలో ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. నువ్వు నాకు మనిషిగా కనిపించావని చెప్పడమే దాని అర్థం.

మలావీ దేశం నుంచి నేలల మీద పరిశోధన చేయడానికి వచ్చిన చికోండి బండా మూడేళ్ళ కిందట ఈ ప్రశ్నకు మొదటిసారి తెల్లమొహం వేశాడు. మూడో నెలకల్లా ఆవిడ కంటే ముందే అడగడం నేర్చాడు. చికోండి అన్న పేరు నోరు తిరగక గవరమ్మ కొండబాబు అని పిలిచేది. అతను పిన్నీ అనేవాడు. వాళ్ళ దేశపు మొక్కజొన్న ముద్దకీ రాగులతో చేసే మన చోడి సంకటికీ తేడా ఏమిటన్న విషయం మీద ఇద్దరూ మూడేళ్ళుగా పోట్లాడుకుంటున్నారు, ఇంకా తేలలేదు.

పరీక్ష రోజున గవరమ్మకు కంప్యూటర్ రాదని విదేశీ విద్యార్థుల విభాగం సూపరింటెండెంట్ కూర్మారావు ప్రశ్నలు చదివి వినిపించాడు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని అడిగింది.

“నిజం సెప్పమన్నారా బాబూ, మామూలుగా సెప్పమన్నారా?”

“నిజమే చెప్పాలమ్మా, ప్రభుత్వ పరీక్ష.” కూర్మారావు తలెత్తకుండా చదివాడు. “విదేశీ విద్యార్థి సమీపించినప్పుడు మీకు భయం కలుగుతుందా?”

“కలిగింది. మొదటి రోజు గుండె దడదడలాడిపోనాది.”

“అవును, కాదు, రెండే మాటలు. వారిని అనుమానిస్తారా?”

గవరమ్మ కొంగు నలుపుకుంది. “అవును. మొదటి నెలంతా ఆళ్ళు తినీసి ఎల్లాక స్టీలు గ్లాసులు లెక్కెట్టినాను. ఆరు తగ్గినాయి కూడా. ఆనక అయి వార్డెన్‌గారి కూతురి సీమంతంలో కనపడ్డాయనుకోండి. కొండబాబుకి ఆ సంగతి సెప్పీసి సెమించమన్నాను.”

“సీమంతానికి గడి లేదమ్మా,” అని కూర్మారావు ‘అవును’ నొక్కాడు.

ప్రశ్నలు ముందురోజే వాట్సాప్‌లో తిరిగాయన్న విషయం గవరమ్మకు తెలియదు. తెలిసినవాళ్ళందరికీ సున్నా వచ్చింది. పాత సామాను వేలంలో ఆఫ్రికా విద్యార్థులు పడుకున్నవని చెప్పి మంచాల్ని విడిగా అమ్మించిన వార్డెన్‌కీ సున్నాయే. కూర్మారావుకి సున్నా. వైస్ చాన్సలర్‌గారికి సున్నా వేస్తే గుమాస్తాలతో సమానం చేసినట్టవుతుందని మైనస్ మూడు వేశారు. గవరమ్మకి అరవై నాలుగు వచ్చింది. విశ్వవిద్యాలయంలో అదే అత్యధికం.

కార్డు ఇంటికి తెచ్చుకుని ఆవిడ దీపం దగ్గర చాలాసేపు చూసుకుంది. పక్కింటి సూరమ్మకి షుగరు మూడువందలు, జీవితాంతం పోదని డాక్టరు చెప్పాడు. తనకి ఇది కూడా అలాంటిదే కాబోలనుకుంది. మూడేళ్ళుగా ఆ కుర్రాడికి అన్నం పెడుతూ, నవ్వుతూ, లోపల ఇంత పెట్టుకుని తిరుగుతున్నానా అని ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది. చదువుకున్నవాళ్ళు, పైగా మిషన్ పెట్టి చూసినవాళ్ళు, వాళ్ళెందుకు అబద్ధం చెబుతారు?

అంకెల వెనకే నిబంధనలు వచ్చాయి. అంకె నలభై దాటినవారు విదేశీ విద్యార్థులతో వాచిక, దృశ్య, హాస్య సంబంధాలు నెరపరాదు. సున్నా వచ్చినవారు నిరభ్యంతరంగా సంభాషించవచ్చును. అయితే సంభాషణలో ఏ చిన్న పొరపాటు దొర్లినా, లోపల ఉన్నదానిని దాచి సున్నాను అక్రమంగా పొందినట్లు భావించి శాఖాపరమైన చర్య తీసుకొనబడును.

దాంతో అరవై నాలుగు నోరు రూలు మూసింది, సున్నాల నోళ్ళు భయం మూసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మూసుకుంటే ఊరు ఇంకా మంచిదని రిజిస్ట్రారుగారు గ్రహించారు. ఫిర్యాదుల పెట్టె తెరిస్తే ఒక్క కాగితం లేదు. ఆ నెల నివేదికలో ‘వివక్ష ఘటనలు: శూన్యం’ అని రాసి కింద ఎర్రగీత కొట్టించారు.

మెస్సులో గవరమ్మకి ప్లైవుడ్ అడ్డు కట్టించారు. దానికి చెయ్యి పట్టేంత కన్నం పెట్టారు. అవతలివాళ్ళకి గరిటె మాత్రమే కనపడాలి. మొదటి రోజు కన్నంలోంచి కొండబాబు గొంతు వినిపించింది.

“పిన్నీ, ఏటి కూర?”

గవరమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసి బీరకాయ కూర వేసింది. రెండో రోజు అడిగాడు, మూడో రోజూ అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు.

లైబ్రేరియన్ అతనడిగిన పుస్తకం స్టూలు మీద పెట్టి పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేవాడు. పరిశోధన చేయించే ప్రొఫెసరుగారు ఎదురుగదిలోనే ఉంటూ, ప్రతి మాటకీ సాక్ష్యం ఉండాలని రిజిస్టర్డ్ పోస్టులో సందేహాలు తీర్చేవాడు. ఆ ఉత్తరం పట్నం వెళ్ళి, అక్కడ ముద్ర వేయించుకుని, నాలుగు రోజులకి ఎదురుగదికి చేరేది. భూగోళం లెక్చరర్ ఆఫ్రికా పాఠం వచ్చేసరికి సెలవు పెట్టాడు.

అన్నిటికంటే ఫుట్‌బాల్ మ్యాచ్ ఘోరం. కొండబాబు కాలికి బంతి తగలగానే అవతలి జట్టువాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని దారి ఇచ్చేవాళ్ళు. అడ్డం వెళ్ళి భుజం తగిలిస్తే అంకె బయటపడుతుందని వాళ్ళ భయం. అతను పందొమ్మిది గోల్స్ కొట్టాడు. పందొమ్మిదోది కొట్టాక బంతిని మైదానం మధ్యలో పెట్టుకుని దాని పక్కన కూర్చుండిపోయాడు. చూసేవాళ్ళు సామరస్యానికి చప్పట్లు కొట్టారు.

నాలుగు నెలలకి ఢిల్లీ నుంచి తనిఖీ బృందం దిగింది. దానికి పెద్ద రిటైర్డ్ జడ్జి దాక్షాయణిగారు. పొట్టిగా, చేతికర్రతో, ఏ మాటకీ తొందరపడి తల ఊపని మనిషి. ఆవిడ ఫైళ్ళు చూసింది, అంకెల పట్టిక చూసింది, ఖాళీ ఫిర్యాదుల పెట్టె చూసింది. తర్వాత భోజనానికి మెస్సులో కూర్చుని, “అంతా బాగానే ఉంది. ఎవరైనా ఇద్దరు మాట్లాడుకుంటుంటే చూడాలని ఉంది,” అంది.

రిజిస్ట్రారుగారు ఇలాంటి అవసరం వస్తుందని ముందే ఊహించి పదకొండు వాక్యాల సంభాషణ ఆమోదింపజేసి పెట్టారు. సున్నాల్లోంచి చీటీ తీస్తే కూర్మారావు పేరు వచ్చింది. రెండు వారాలు అభ్యాసం చేశాడు. ఇప్పుడు ఆరడుగుల దూరంలో కొండబాబుకి ఎదురుగా నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

“నమస్కారము. మన విశ్వవిద్యాలయ వాతావరణము సమశీతోష్ణముగా నున్నది.” మూడో వాక్యం మర్చిపోయి రెండోదే మళ్ళీ చెప్పాడు. “వాతావరణము సమశీతోష్ణముగా నున్నది. మీకిచట ఎట్లున్నది?”

కొండబాబు తన వంతు వాక్యం చెప్పలేదు. జడ్జిగారి వైపు తిరిగాడు. “ఇక్కడ నన్ను ఎవరూ ఒక్క చెడ్డమాట అనలేదండీ.”

రిజిస్ట్రారుగారు చప్పట్లకి చేతులెత్తారు.

“మంచిమాట కూడా అనలేదు. నాలుగు నెలల్నుంచి అసలు మాటే నేదు. టీసీకి కాయితం ఎట్టీసినాను. శుక్రవారం బండికి ఎల్లిపోతన్నాను.”

ప్లైవుడ్ వెనకాల గరిటె చప్పుడుతో కింద పడింది. రూలు ఏమిటో గవరమ్మకి తెలుసు. ఒక్క మాట మాట్లాడితే పద్ధెనిమిదేళ్ళ సర్వీసూ గంగలో కలుస్తుందనీ తెలుసు. తెలిసే అడ్డు దాటుకుని బయటికొచ్చింది.

“ఏటి, ఎల్లిపోతావా? నాకు సెప్పకుండా ఎల్లిపోదామనే?”

“సెప్పడానికి నువ్వు పలికినావేటి పిన్నీ?” కొండబాబు కోపంతో ఒక అడుగు ముందుకి వేశాడు. “ఆళ్ళు మాటాడలేదంటే సరే. ఆళ్ళు నాకేటవుతారు? నువ్వు కూడానా?”

“నాలో అరవై నాలుగుందంట బాబూ. మిసను సెప్పింది. నోరిప్పితే ఏ మాట రూపంలో బయటికొస్తదో, నీకెక్కడ తగులుద్దో అని నోరు కట్టీసుకున్నాను.” ఆవిడ కార్డు తీసి చూపించింది. “ఆ గ్లాసులు లెక్కెట్టింది నానే కదా. ఆ బుద్ధి ఎక్కడికి పోద్ది?”

కొండబాబు ఆ కార్డు తిప్పి ఆవిడ చేతిలోనే పెట్టేశాడు. “నానూ లెక్కెట్టినాను.”

“ఏటి?”

“మా ఊళ్ళో మీ దేశపోళ్ళ కొట్లు ఉన్నాయి. ఆళ్ళందరూ తూకంలో మోసం సేస్తారని మా నాన్న సెప్పి పంపించినాడు. మొదటి నెలంతా నువ్వు నాకెన్ని గరిటెలు ఏస్తన్నావో, పక్కోడికెన్ని ఏస్తన్నావో లెక్కెట్టినాను.”

గవరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. “ఎన్నొచ్చినాయి?”

“నాకే ఒకటి ఎక్కువ.”

“మరి నాకు సెప్పనేదేం?”

“సిగ్గేసింది. ఇప్పుడు లెక్కెట్టడం నేదు కదా, ఎందుకులే అనుకున్నాను.”

గవరమ్మ ముందు నవ్వింది, తర్వాత కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత నాలుగు నెలలుగా ఎంత చిక్కిపోయాడో చెప్పి తిట్టడం మొదలుపెట్టింది. జడ్జిగారు చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుని చూస్తోంది. రిజిస్ట్రారుగారు గబగబా వంగి, “క్షమించండి మేడమ్, ఈమె అరవై నాలుగు. పొరపాటున బయటికి వచ్చినది,” అన్నారు.

“మళ్ళీ ఒకసారి పరీక్ష పెట్టండి,” అంది జడ్జిగారు.

పరీక్ష పెట్టే మిషన్ ప్రదర్శన కోసం మెస్సు హాల్లోనే ఉంది. అందరి ముందూ కూర్మారావు ప్రశ్నలు చదివాడు. భయం కలుగుతుందా? “ఇప్పుడెందుకు కలుగుద్ది, ఆడే నన్ను తిడతన్నాడు.” అనుమానిస్తారా? “వార్డెన్‌గారినైతే అవును.” తెరమీద అంకె వచ్చింది. తొమ్మిది.

రిజిస్ట్రారుగారి ముఖాన నెత్తుటి చుక్క లేదు. జడ్జిగారు నోటు పుస్తకంలో ఏదో రాసుకుని, మజ్జిగ తాగి, బండెక్కి వెళ్ళిపోయింది. ఫిర్యాదులు శూన్యమైనందున నియమావళి ప్రకారం పతాకం మంజూరైందని సాయంత్రం ఢిల్లీ నుంచి ఫ్యాక్స్ వచ్చింది. అయినా రిజిస్ట్రారుగారికి సంతోషం లేదు.

మర్నాడు గవరమ్మని ఆఫీసుకి పిలిపించారు. కూర్మారావు టైపు మిషన్ దగ్గర కూర్చున్నాడు. రిజిస్ట్రారుగారు చేతులు వెనక్కి పెట్టుకుని గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నారు.

“వివక్షాంకము మారదు. ఇది సిద్ధాంతము. మారునట్లయితే ఎనిమిదివందల పన్నెండు కార్డులు, ఒక ప్లైవుడ్ అడ్డు, సదరు సిద్ధాంతము, అన్నియు వ్యర్థము. యంత్రము తప్పు చూపినదందామా, అప్పుడు వైస్ చాన్సలర్‌గారి మైనస్ మూడు కూడ తప్పగును. అది అసాధ్యము. అంకె మారదు, యంత్రము తప్పదు. కావున ఏమి మారినది?”

“నాకేటి తెలుసు బాబూ.”

“మనిషి మారినది. ఆనాడు పరీక్ష రాసిన గవరమ్మ వేరు. నిన్న రాసిన నీవు వేరు.”

గవరమ్మ కూర్మారావు వంక చూసింది. అతను టైపు మిషన్‌లో కాగితం ఎక్కించుకున్నాడు.

బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. మొదటి దాని మీద ‘నిన్న నేను అబద్ధపు జవాబులు చెప్పితిని, నాలో ఎట్టి మార్పును లేదు’ అని ఉంది. దాని మీద సంతకం పెడితే పాత అరవై నాలుగు, పాత ప్లైవుడ్, పాత పద్ధెనిమిదేళ్ళ సర్వీసు. మాట మాత్రం ఇక జన్మలో లేదు. రెండోదాని మీద ‘నేను పూర్వపు గవరమ్మను కాను’ అని ఉంది. దాని మీద పెడితే పాత గవరమ్మ కనిపించకుండా పోయినట్టు ప్రకటిస్తారు. ఈవిణ్ణి అదే పేరుతో, అదే గరిటెతో, ఈరోజు నుంచి కొత్తగా చేర్చుకుంటారు. పర్మనెంటుకి మళ్ళీ ఇరవై ఏళ్ళు.

ఇరవై ఏళ్ళంటే తనకి డెబ్బై నాలుగు. అప్పటికి మోకాళ్ళు ఉంటాయో లేదో. గవరమ్మ రెండు కాగితాలూ దగ్గరికి లాక్కుంది.

“రెండో కాయితం ఎడితే కొండబాబుతో మాటాడొచ్చా?”

“కొత్తగా చేరినవారికి మరల పరీక్ష జరుగు వరకు అంకె ఉండదు. అంకె లేనివారికి నిబంధన వర్తించదు.”

“మొదటి కాయితం అబద్ధం బాబూ. అది ఎట్టలేను.” ఆవిడ పెన్ను అందుకుని వంకర అక్షరాలతో రెండోదాని మీద సంతకం చేసింది. “ఇదే నిజం. ఆ గ్లాసులు లెక్కెట్టిన మనిషి ఎప్పుడో పోనాది. మీ ఆఫీసుకి ఇప్పుడు తెలిసింది.”

మధ్యాహ్నానికల్లా మెస్సు గుమ్మం పక్కన ఫొటోతో సహా నోటీసు అంటించారు. కనబడుటలేదు. పేరు గవరమ్మ, వయస్సు యాభై నాలుగు, వివక్షాంకం అరవై నాలుగు, చివరిసారిగా చూసినది సాంబారు వడ్డించుచుండగా. దాని కిందే నిలబడి గవరమ్మ సాంబారు వడ్డిస్తోంది. ప్లైవుడ్ తీసేశారు. బయట కొత్త పతాకం సముద్రపు గాలికి ఎగురుతోంది.

శుక్రవారం బండి వెళ్ళిపోయింది. కొండబాబు వెళ్ళలేదు. కంచం పట్టుకుని వచ్చి నోటీసు మీద ఫొటోని ఎగాదిగా చూశాడు.

“ఈవిడ నీకు తెలుసా పిన్నీ?”

“తెలుసు. మంచిదే గానీ అనుమానం మనిషి.” గవరమ్మ ఒక గరిటె ఎక్కువ వేసింది. “లెక్కెట్టుకో.”

వరసలో కొండబాబు వెనకాల కూర్మారావు నిలబడి ఉన్నాడు. ఆఫీసరు మెస్సు వదిలేసి ఇటెందుకు వచ్చాడో ఎవరికీ తెలియదు. మెడలో సున్నా కార్డు లేదు, జేబులో పెట్టుకున్నాడు. రెండు వైపులా చూశాడు, గొంతు సవరించుకున్నాడు, నాలుగు నెలల్లో ఆమోదం లేని మొదటి వాక్యం పలికాడు.

“ఏటి కూర?”

కొండబాబు వెనక్కి తిరిగాడు. “వంకాయ. బాగుంది. ఏసుకోండి.”

మర్నాడు పొద్దున మెస్సు గుమ్మం పక్కన గవరమ్మ ఫొటోకి తోడు, పూర్వపు కూర్మారావు కనబడుటలేదు, వివక్షాంకం సున్నా అంటూ కూర్మారావు ఫొటో కూడా ఉంది. ఆ నోటీసు టైపు చేసి, రెండుసార్లు తప్పులు దిద్ది, జిగురు రాసి స్వయంగా అంటించింది కూర్మారావే.